గోడకు ఒక వానాకాలం చూపించండి

పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపికతో చదవండి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, కట్టి సెలవు మీద పోబోతున్నవాళ్లు తప్పకుండా చదవండి.

నేను దుబాయిలో ఫినిషింగ్ పనిలో ఉంటానని తెలిసి చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఊర్లె ఇల్లు అయిపోవచ్చింది. హాల్ల వాల్‌పేపర్ ఏయించాలె. ఏ డిజైన్ మంచిగుంటది?" పూల డిజైన్ ఫోటోలు నాలుగు, బంగారు గీతలవి రెండు పంపుతారు. నేను మాత్రం తిరిగి ఒకటే అడుగుతా. "తమ్మీ, ఆ గోడ మీద ఒక్క వానాకాలం అన్నా గడిచిందా?"

చాలామందికి కోపమొస్తది. డిజైన్ అడిగితే వాన సంగతి ఎందుకని. అందుకే నా అభిప్రాయం ఇక్కడ అందరికీ ఒకేసారి చెప్తున్నా. కొత్త ఇంటి గోడకు ఒక పూర్తి వానాకాలం చూపించకుండా వాల్‌పేపర్ అంటించొద్దు. కాగితం నీటుగా ఉండాలంటే సగం పని చేతిలో ఉంది, సగం పని గోడలో ఉంది. చేతి పని నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. గోడ ఆరాలంటే మాత్రం రోజులు పడుతుంది, దాన్ని ఎవడూ తొందర పెట్టలేడు.

మన దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. రెండేళ్లకోసారి సెలవు. నలభై ఐదు రోజులో, రెండు నెలలో. ఆ రోజుల్లోనే ఇల్లు పూర్తి కావాలె, గృహప్రవేశం కావాలె, వీలైతే చెల్లె పెండ్లి కూడా కావాలె. ముహూర్తం మాఘంలోనో వైశాఖంలోనో పెడతారు. మేస్త్రి పూత పూసి పోయిన వారానికి పెయింటర్ వస్తాడు, పెయింటర్ పోయిన మర్నాడు వాల్‌పేపర్ అబ్బాయి బైకు మీద రోళ్లు పెట్టుకొని వస్తాడు. గృహప్రవేశం నాడు ఇల్లు మెరిసిపోతది. చుట్టాలందరూ ఆ గోడ ముందరే ఫోటోలు దిగుతారు. మనం విమానం ఎక్కుతాం. ఆషాఢం వస్తది, వానలు మొదలైతయి. శ్రావణంలో వీడియో కాల్ చేస్తే ఇంటావిడ ఫోన్ అటు తిప్పకుండా మాట్లాడుతది. ఏందని గట్టిగా అడిగితే అప్పుడు చూపిస్తది. కింద రెండడుగులు కాగితం ఉబ్బి ఉంటది, జాయింట్లు నోళ్లు తెరుచుకొని ఉంటయి, సోఫా వెనక నల్ల మచ్చలు. సెలవు తేదీని చూసి గోడ ఆరదు తమ్ముళ్లారా. దానికి మన వీసా సంగతి తెల్వదు.

అసలు కొత్త గోడలో ఎంత నీరుంటదో ఒకసారి ఆలోచించండి. ఇటుకను కట్టేముందు తడుపుతాం. మాలు నీళ్లతో కలుపుతాం. పూత నీళ్లతో పూస్తాం. ఆ తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం పైపుతో క్యూరింగ్ కొడతాం. లప్పం కూడా నీళ్లతోనే కలుపుతాం. ఆ నీళ్లలో కొంత సిమెంటు పట్టుకుంటది. మిగిలినదంతా గోడ మొఖం మీద నుంచే బయటికి పోవాలె, ఇంకో దారి లేదు. "28 రోజులు అయింది కదా అన్నా" అంటారు కొందరు. 28 రోజులు సిమెంటు గట్టిపడే లెక్క. గోడ ఆరే లెక్క కాదు. ఈ రెండూ వేరు.

ఇప్పుడు ఆ గోడ మీద వినైల్ వాల్‌పేపర్ అంటించారనుకోండి. వినైల్ అంటే ప్లాస్టిక్ పొర. తడిగుడ్డ పెట్టి తుడవొచ్చని దుకాణంలో గొప్పగా చెప్తారు కదా, అదే. బయటి నీళ్లను లోపలికి రానియ్యదు, నిజమే. లోపలి చెమ్మను బయటికి పోనియ్యదు కూడా. గోడకు, ప్లాస్టిక్‌కు నడుమ చెమ్మ ఆగుతది. అక్కడ ఉన్నది జిగురు. చాలా జిగుర్లు పిండిపదార్థంతో చేసినవే, బూజుకు అది అన్నం లాంటిది. తడి, చీకటి, తిండి మూడూ ఒక్కచోట దొరికినయి, ఇంకేం కావాలె దానికి? పైగా కొత్త సిమెంటు పూతలో క్షారం ఉంటది, నీటితో పాటు ఉప్పు బయటికి వస్తది. గోడ మీద తెల్లగా పొడి పూస్తది చూడండి, సౌడు లేచిందంటాం, అదే. ఆ ఉప్పు జిగురును కొరికేస్తది, రంగును మారుస్తది. అంటించిన మనిషి చేయి ఎంత మంచిదైనా ఈ రెండింటి ముందు నిలవదు.

సరే, గోడ పాతదే, ఇల్లు కట్టి ఐదేళ్లయింది, ఇక భయం లేదా? అట్ల కూడా అనుకోవద్దు. మన ఊళ్లల్లో నెమ్ము వచ్చే దారులు చాలా ఉన్నయి. పునాది మీద చెమ్మ ఎక్కకుండా పొర వేయకుండానే గోడ లేపిన ఇళ్లు బోలెడు. వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఒకప్పుడు ఎత్తుగా ఉన్న అరుగు ఇప్పుడు రోడ్డు కంటే కిందికి పోయింది, వాననీళ్లు గోడను ఆనుకొని నిలబడుతున్నయి. బాత్రూం గోడకు అటుపక్క బెడ్‌రూం ఉంటది, పైపు జాయింటు సన్నగా కారుతుంటది. మిద్దె మీద ట్యాంకు నిండి పొర్లుతుంటది. కిటికీ మీది సజ్జకు, గోడకు నడుమ సన్నటి పగులు ఉంటది. ఇవన్నీ ఎండాకాలంలో కనబడవు. వాన పడితేనే ఎక్కడ జబ్బు ఉందో గోడ చెప్తది. వానాకాలం చూపించండి అని నేను మొత్తుకునేది అందుకే. తెలంగాణలో, గోదావరి వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా చూడండి. నెల్లూరు వైపు వాళ్లకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మీ ఊరి వాన మీకే తెలుసు.

ఇంట్లోవాళ్లతో ఒక చిన్న పరీక్ష చేయించండి, ఖర్చు లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శకమైన పాలిథిన్ కవరును గోడకు పెట్టి నాలుగు అంచులా గాలి పోకుండా టేపు వేయమనండి. నేలకు దగ్గర ఒకటి, నడుం ఎత్తులో ఒకటి, బాత్రూం వైపు గోడకు ఒకటి. ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలి. మర్నాడు కవరు లోపలివైపు నీటి బిందువులు కనబడితే, లేదా కవరు కింద గోడ రంగు ముదిరితే, ఆ గోడలో తడి ఉన్నట్టే. ఈ పరీక్షను ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి చేయండి. రెండుసార్లూ పొడిగా ఉంటేనే వాల్‌పేపర్ గురించి మాట్లాడుకుందాం.

ఇదంతా నేను పుస్తకంలో చూసి చెప్పడం లేదు. ఇక్కడ పెద్ద పెద్ద విల్లాల్లో పాత వినైల్ పీకే పని పడ్డప్పుడు మనోళ్లు ఎంతమంది చూసి ఉంటారు! ముందు నుంచి చూస్తే కాగితం బాగానే ఉంటది, అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు తప్ప. మూల పట్టుకొని లాగితే వెనక అంతా నలుపు, ముక్కు మూసుకోవాల్సిందే. ఎక్కువగా బయటి గోడలకే అట్ల ఉంటది. కారణం ఏందంటే, సముద్రం పక్క ఊళ్లల్లో ఎండాకాలం బయట గాలి వేడిగా, తడిగా ఉంటది. లోపల ఏసీ రాత్రింబగళ్లు నడుస్తది. బయటి చెమ్మ గోడ గుండా చల్లటి గదివైపు వస్తది. వినైల్ దగ్గరికి వచ్చి ఆగిపోతది, అక్కడ చల్లగా ఉంది కాబట్టి నీరుగా మారుతది. చలి దేశాల్లో చెమ్మ లోపలినుంచి బయటికి పోతది, అక్కడి లెక్క వేరు. అక్కడి అలవాటును ఇక్కడి గోడకు అంటిస్తే ఇట్లనే అయితది. కోట్లు పెట్టి కట్టిన విల్లాకే తప్పని రోగం మన ఇంటికి తప్పుతదా? ఊర్లో కొత్తగా ఏసీలు పెట్టించుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఏసీ ఉన్న గదిలో బయటి గోడకు వినైల్ వద్దు.

నెమ్ము కనబడంగనే మనోళ్లు చేసే ఇంకో పని ఉంది. దాని మీద స్టిక్కర్ వేసేస్తారు, లేకపోతే ఇటుకల డిజైన్ ఉన్న ఫోమ్ షీట్లు అంటిస్తారు. "గోడ ఖరాబైంది, కనబడకుంట చేస్తం సార్" అని అమ్మేటోళ్లు కూడా దాన్నే మందు లాగా అమ్ముతున్నారు. అది మందు కాదు, పుండు మీద కట్టు. లోపల చీము అట్లనే ఉంటది. ఆ షీటు కూడా ప్లాస్టిక్కే కాబట్టి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతది. ముందు రెండడుగులున్న మచ్చ తర్వాత నాలుగడుగులైతది. పీకినప్పుడు లప్పం పెచ్చులు పెచ్చులుగా దానితోనే ఊడొస్తది. ఇంకో మాట, ఫోమ్ మంటకు తొందరగా అంటుకుంటది. గ్యాస్ పొయ్యి వెనకా, దేవుని మూలలో దీపం పెట్టే చోటా దాన్ని అసలే పెట్టొద్దు.

మన అమ్మలు, నాయనమ్మలు గోడలను ఎట్ల చూసుకునేవాళ్లో గుర్తుందా? పండుగ వస్తుందంటే సున్నం వేసేవాళ్లు. కింద జాజు పూసేవాళ్లు. మట్టి గోడ, సున్నం రెండూ చెమ్మను పీల్చుకుంటయి, మళ్లీ వదిలేస్తయి. సున్నంలో ఉన్న క్షారానికి బూజు తొందరగా పుట్టదు. ఏడాదికోసారి గోడను దగ్గరగా చూడటం, పగులుంటే పూడ్చడం, కొత్త పూత వేయడం, అదంతా పండుగ పనిలో భాగం. అది పేదతనం అనుకున్నాం మనం. గోడను చదవడం వాళ్లకు తెలుసు, అదీ సంగతి. వాల్‌పేపర్ అంటే పదేళ్లు గోడ మొఖం చూడకుండా మూసేయడం. మూసేముందు ఒక్కసారన్నా సరిగ్గా చూడాలె కదా.

ఇప్పుడు నాకు ఎదురు చెప్పే మాట ఒకటుంది, అందులో న్యాయం కూడా ఉంది. "అన్నా, నీకేం, చెప్తవు. రెండేండ్లకోసారి పోతం. గృహప్రవేశానికి అందరూ వస్తరు. ఆ ఒక్కరోజు ఇల్లు బోసిగ ఉంటే ఎట్ల? దుబాయి పోయి ఏం సంపాదిచ్చిండని అంటరు." ఈ మాట వెనక ఎంత బాధ ఉందో నాకు తెలుసు. ఎడారిలో పడ్డ కష్టం అంతా నలుగురికి కనబడేది ఆ ఇల్లు ఒక్కదాంట్లోనే. అది అందంగా కనబడాలని కోరుకోవడం తప్పు కాదు. కానీ ఆ అందం గృహప్రవేశం నాటి ఫోటోలో మూడు గంటలు ఉండాలా, మన అమ్మానాన్న, పెండ్లాం పిల్లలు ఉండే మూడొందల అరవై ఐదు రోజులు ఉండాలా? బూజు పట్టిన గోడ పక్కన మంచం వేసుకొని పడుకునేది చుట్టాలు కాదు, మన పిల్లలు. ఆ బూజు గాలికి ఆస్తమా ఉన్నవాళ్లకు దగ్గు, ఆయాసం ఎక్కువైతయి. గృహప్రవేశానికి గోడకు గాలి ఆడే తెల్ల రంగు పలుచగా ఒక కోటింగు చాలు. పూలదండలు కట్టండి, మామిడి తోరణం కట్టండి. వాల్‌పేపర్ వచ్చే సెలవుకు పెట్టుకోండి. అప్పుడు మళ్లీ ఒక కొత్త పని, కొత్త సంతోషం ఉంటది కూడా.

సరే, గోడ ఆరింది, రెండు పరీక్షలూ పాసైంది. ఇప్పుడు నీటుగా అంటించే సంగతి చెప్తా. మనిషిని పెట్టుకున్నా సరే, ఇవి తెలిసి ఉంటే పక్కన నిలబడి అడగొచ్చు.

మొదట గోడను ఎంచుకోండి. రెండు గదుల నడుమ ఉన్న లోపలి గోడ అన్నిటికంటే మంచిది. బయటి గోడ, బాత్రూం వెనక గోడ, వంటింట్లో పొయ్యి వైపు గోడ వద్దు. హాలు నాలుగు గోడలకూ అవసరం లేదు, టీవీ వెనకదో, మంచం తల వైపుదో ఒక్క గోడ చాలు. రకం అడిగితే, కొత్తవాళ్లకు నాన్ వోవెన్ అనే రకం సులువు. దాని వెనక బట్టలాంటి పొర ఉంటది, తడిస్తే సాగదు. జిగురు గోడకు పూసి పొడి కాగితాన్నే అంటించొచ్చు. అందులోనూ పైన వినైల్ పూత లేనిది చూసుకోండి. మామూలు కాగితం రకమైతే జిగురు కాగితానికి పూయాలి. పూసిన వైపు లోపలికి వచ్చేటట్టు మడిచి, పాకెట్ మీద రాసినన్ని నిమిషాలు, మామూలుగా ఐదు నుంచి పది నిమిషాలు నాననివ్వాలి. తడికి కాగితం వెడల్పు పెరుగుతది. నానకముందే అంటిస్తే గోడ మీద సాగి ఉబ్బుతది, తర్వాత ఆరి బిగుసుకొని జాయింట్లు విడిపోతయి. ఒక పీసు మూడు నిమిషాలు, ఇంకోటి పదిహేను నిమిషాలు నానితే రెండూ ఒక్క తీరుగా ఆరవు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

రోళ్ల లెక్క జాగ్రత్త. మామూలు రోలు 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు. అంటే 57 చదరపు అడుగులు. దుకాణంలో చదరపు అడుగుల లెక్క చెప్తారు. 12 అడుగుల వెడల్పు, 10.5 అడుగుల ఎత్తు గోడ అంటే 126 చదరపు అడుగులు, మూడు రోళ్లు చాలంటారు. మనం పీసుల లెక్క చూద్దాం. వెడల్పుకు 7 పీసులు కావాలి. ఎత్తు 3.2 మీటర్లు, పైనా కిందా కోసుకోవడానికి ఇంకో 10 సెంటీమీటర్లు, మొత్తం 3.3. సాదా డిజైన్ అయితే రోలుకు మూడు పీసులు వస్తయి, మూడు రోళ్లు సరిపోతయి. అదే 64 సెంటీమీటర్లకోసారి తిరిగొచ్చే పెద్ద పువ్వు అయితే, పువ్వుకు పువ్వు కలవాలి కాబట్టి ప్రతి పీసుకు 3.84 మీటర్లు లెక్కేయాలి. రోలుకు రెండే పీసులు. మూడు రోళ్లకు ఆరే వస్తయి, ఒక పీసు తక్కువ. మళ్లీ దుకాణానికి పోతే అదే డిజైన్ ఇస్తాడు కానీ బ్యాచ్ నంబరు వేరేది ఇస్తాడు. రోలు మీద చూస్తే తేడా తెల్వదు, గోడ మీద ఒక పట్టీ వేరుగా కనబడతది. అందుకే ముందే నాలుగు రోళ్లు, ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి. మిగిలిన ముక్కను పారేయొద్దు, రేపు చినిగితే అతుకు వేయడానికి అదే దిక్కు.

గోడ తయారు చేసుడు అసలైన పని. అరచేత్తో గోడను రుద్దండి. చేతికి తెల్లగా పొడి అంటితే ఆ పొడినే కాగితం పట్టుకుంటది, గోడను కాదు. దానితో పాటే ఊడిపోతది. గీకి, గుంతలకు లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి, పూర్తిగా ఆరనివ్వండి. నూనె రంగు వేసి నున్నగా ఉన్న గోడైతే ఎమరీతో గరుకు చేయాలి. రాత్రి పూట లైటును గోడకు ఆనించి పక్క నుంచి కొట్టి చూడండి, మెరక పల్లాలన్నీ నీడలుగా కనబడతయి. పలుచటి కాగితం, మెరిసే కాగితం గోడ లోపాన్ని దాచవు, ఇంకా ఎత్తి చూపిస్తయి.

మొదటి పీసు నిలువు తప్పితే గోడంతా తప్పుతది. గది మూలను నమ్మొద్దు, ఏ మేస్త్రి కట్టిన మూలా పూర్తిగా నిలువు ఉండదు. మూల నుంచి 52 సెంటీమీటర్లు కొలిచి, దారానికి గుండు వేలాడదీసి, ఆ వెంట పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి. రసమట్టం ఉన్నా సరే, లేజర్ ఉంటే ఇంకా మంచిది. కాగితం అంచు ఆ గీతకు పట్టించాలి, మూల వైపు మిగిలిన సెంటీమీటరును కోసేయాలి. ఒక గోడ నుంచి ఇంకో గోడకు తిరిగేటప్పుడు కూడా అంతే. మూల దాటించి సెంటీమీటరో, రెండో మాత్రమే తిప్పి కోసేయండి, రెండో గోడకు మళ్లీ కొత్తగా గుండు వేయండి. పూర్తి పీసును మూల తిప్పితే ముడతలు రాక మానవు.

నడుమ నుంచి అంచులకు, పైనుంచి కిందికి గాలి తోసుకుంటూ రావాలి. జాయింటు దగ్గర అంచు మీద అంచు ఎక్కొద్దు, అంచుకు అంచు తాకాలి. జాయింటును రోలర్‌తో మెల్లగా ఒకసారి ఒత్తండి. గట్టిగా ఒత్తితే ఉన్న జిగురంతా బయటికొచ్చి, ఆరినంక అంచు లేస్తది. పైకి వచ్చిన జిగురును తడి స్పాంజితో అప్పుడే తుడవాలి, ఆరితే మెరుస్తూ మచ్చ పడతది. కట్టర్ బ్లేడు కొనను ప్రతి పీసుకూ విరవండి. మొద్దు బ్లేడు తడి కాగితాన్ని కోయదు, చింపుతది. కొన్ని రూపాయల బ్లేడు దగ్గర పిసినారితనం చేసి వేల రూపాయల కాగితం పాడు చేసేవాళ్లను మస్తు చూసిన. స్విచ్ బోర్డు దగ్గర ఎంసీబీ ఆపి, టెస్టర్ పెట్టి చూసి, అప్పుడే ప్లేటు విప్పండి. తడి జిగురుకు కరెంటు తగిలితే ఏమైతదో చెప్పక్కర్లేదు. బోర్డు మీద కాగితాన్ని ఇంటూ గుర్తులాగా కోసి, అంచులు కత్తిరించి, ప్లేటు కిందికి పోయేటట్టు బిగించండి.

పని అయ్యేదాకా, జిగురు ఆరేదాకా ఫ్యాను, ఏసీ ఆపాలి, కిటికీలు మూయాలి. తొందరగా ఆరిస్తే జాయింట్లు విడతయి. ఇక్కడ మన కష్టం కూడా అదే కదా. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపాలని రూలుంది. లోపల నీడన ఉన్నోళ్లకు అది వర్తించదు. జాయింటు కోసం ఏసీ బందు పెట్టుకొని చెమటలు కక్కుతూ అంటిస్తం. విల్లా ఓనరుకు పువ్వు కనబడతది, ఆ ఉక్కపోత కనబడదు. చిన్న బుడగలు మిగిలితే వెంటనే కంగారు పడొద్దు, ఆరినప్పుడు చాలావరకు అణిగిపోతయి. అణగనివాటికి సిరంజితో కొంచెం జిగురు ఎక్కించి ఒత్తితే సరి.

చివరగా పైసల సంగతి. ఊర్లో పనోళ్లతో బేరం ఆడేటప్పుడు మనం తప్పు చోట కోస్తున్నాం. రోలు ఖరీదైనది కొంటాం. లప్పం, ప్రైమర్, రెండు రోజుల ఎమరీ పని దగ్గరికి వచ్చేసరికి "గంత ఎందుకు, పైన కాగితం అస్తది కద, కనబడదు" అంటాం. ఇదే మాట ఇక్కడ మనకు ఫోర్‌మన్ చెప్తే మనకు ఒళ్లు మండుతది. నాసిరకం గోడ ఇచ్చి, తారీకు దగ్గరపడ్డదని అంటించమంటారు, ఊడితే జీతం మనకే కోస్తారు. మనకు జరిగిన అన్యాయాన్నే ఊర్లో మన పెయింటర్ తమ్ముడికి మనం చేయొద్దు. రోలు సాదాది కొనండి, గోడ తయారుకు పూర్తి కూలి ఇవ్వండి. "గోడ ఇంకా పచ్చిగుంది, ఇప్పుడే వద్దన్నా" అని చెప్పే పనివాడు దొరికితే వాణ్ని వదులుకోవద్దు. వాడు వచ్చిన పనిని పోగొట్టుకొని మీ పైసలు కాపాడుతున్నాడు.

ఈ పని చేతికి వచ్చినవాళ్లం ఇక్కడ మనలో చాలామందిమి ఉన్నాం. చాలామంది కాంట్రాక్టుల్లో ఇంకా హెల్పర్ అనే ఉంటది, అది వేరే గొడవ. కానీ గోడను చూసి చెప్పగలిగే కన్ను మనకుంది. ఆ కన్నును షేకుల విల్లాలకే కాదు, మన ఇళ్లకూ వాడుదాం. ఊరినుంచి అడిగినవాళ్లకు డిజైన్ చెప్పి ఊరుకోవద్దు, నిజం చెప్పండి. ఒకసారి తిట్టుకుంటారు, రెండేళ్ల తర్వాత తలుచుకుంటారు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు డిజైన్ ఫోటోలు అడగకండి. సోఫా పక్కకు జరిపి గోడ కింది రెండడుగులు చూపించమనండి. బాత్రూం వెనక గోడ చూపించమనండి. ఆ ఫోటోలు నాకు పంపినా సరే, తెలిసినంత చెప్తా. పువ్వులా, గీతలా అన్నది తర్వాత తీరిగ్గా మీ ఇంటావిడనే ఎంచుకోనివ్వండి. రోజూ చూసేది ఆమెనే కదా.